హాస్టల్‌లో పెరిగిన చార్లీ చాప్లిన్

గోడ పత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు ఈ నెల మా తొమ్మిదో తరగతిది. కొమురం భీం గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి ఇంతకు ముందే వచ్చినయి. నేను చార్లీ చాప్లిన్ గురించి రాస్తనంటే మా క్లాసులో కొందరు నవ్విండ్రు. నవ్వించేటాయన గొప్పవాడు ఎట్ల అయితడని అడిగిండ్రు. ఆయన కూడా మన లెక్కనే హాస్టల్‌లో పెరిగిన పిల్లగాడు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్న.

ముందు సినిమా వేసిన రోజు సంగతి చెప్పాలె. రెండో ఆదివారం మన అమ్మానాన్నలు మనల్ని చూడటానికి వచ్చే రోజు కదా. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నంక డైనింగ్ హాల్ కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్ల బట్ట కట్టి సినిమా వేస్తమన్నరు. అందరం కూర్చున్నంక స్పీకర్ పాడయింది. ఎంతసేపు చూసినా బుర్రుమని చప్పుడే గాని మాట రాలేదు. ఐదో తరగతి చిన్న పిల్లలు ఏడుపు మొహం పెట్టిండ్రు. అప్పుడు మేడం మాటలతో పని లేని సినిమా ఒకటి తన దగ్గర ఉందని చెప్పి అది పెట్టారు. దాని పేరు ది సర్కస్. 1928లో వచ్చింది. రంగులు లేవు. నలుపు, తెలుపు అంతే.

అందులో చార్లీ పోలీసుకు భయపడి ఉరుకుతడు. ఉరికి ఉరికి సర్కస్‌లో దూరుతడు. ఒకసారి తెలియక సింహం బోనులోకి పోతడు, తలుపు పడిపోతది. సింహం పండుకొని ఉంటది. బయట ఒక చిన్న కుక్క వచ్చి మొరుగుతది. చార్లీ రెండు చెవులు మూసుకుంటడు, తను వినకపోతే సింహానికి కూడా వినపడదు అన్నట్టు! హాల్ అంతా ఒక్కసారే నవ్వింది.

ఆ ఒక్కసారే అన్న మాట దగ్గర నేను ఆగుతున్న. మన బడిలో లంబాడీ మాట్లాడేటోళ్ళం ఎక్కువ. మన నారాయణఖేడ్ బజారుకు పోతే తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ వినపడతయి, పక్కనే కర్ణాటక, ఆ పక్కన మహారాష్ట్ర కాబట్టి. నేను ఐదో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగ రాదు. టీవీలో జోకు వస్తే వచ్చినోళ్ళు ముందు నవ్వేటోళ్ళు. వాళ్ళను చూసి నేను నవ్వేదాన్ని. అంటే ఎప్పుడూ కొంచెం ఆలస్యంగ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వుతున్ననో తెలియకుండనే నవ్వేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే రాస్తున్న. చార్లీ సినిమాలో ఎవరూ ఆలస్యంగ నవ్వరు. నడుమ నడుమ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయి గాని వాటిని ఎవరు చదివిండ్రు?

మా యాడి వెనుక స్తంభం దగ్గర రొట్టెల డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. ఆమె ఎప్పుడు వచ్చినా మూలకే కూర్చుంటది. తెలుగులో ఎవరన్న ఏమన్న అడిగితే తల ఊపుతది, అంతే. ఆ రోజు నేను వెనుకకు తిరిగి చూస్తే కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతున్నది. పక్కన ఉన్న తెలుగు మాట్లాడే అమ్మ కూడా అదే సమయానికి అట్లనే నవ్వుతున్నది. పోయేటప్పుడు యాడి నన్ను ఒక్కటే అడిగింది. ఆ పిల్లగానికి తల్లి ఉన్నదా అని. నాకు తెలియదన్న. తరువాత లైబ్రరీ పుస్తకం చదివి, మేడంను అడిగి తెలుసుకున్న.

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా చార్లెస్. తల్లి హన్నా. ఇద్దరూ నాటకశాలల్లో పాటలు పాడేవారు. సిడ్నీ అని నాలుగేళ్ళు పెద్ద అన్న ఉన్నాడు. తండ్రి తాగుడుకు అలవాటు పడి ఇల్లు వదిలి పోయాడు. తల్లి పాడితేనే ఇల్లు గడిచేది. ఆమె గొంతు మాటిమాటికి పోయేది.

చార్లీకి ఐదేండ్ల వయసులో ఒకరోజు సిపాయిల ఊరు ఆల్డర్‌షాట్‌లో తల్లి పాడుతుంటే గొంతు పగిలిపోయింది. జనం ఎగతాళి చేశారు. ఆమె లోపలికి వచ్చేసింది. మేనేజర్ ఏం తోచక చార్లీని చెయ్యి పట్టి స్టేజీ మీదికి తెచ్చాడు. పిల్లవాడు పాడితే జనం పైసలు విసిరారు. పాట ఆపి ముందు పైసలు ఏరుకుంటా అన్నాడట! జనం నవ్వారు. తరువాత వాడు తల్లి పాటను, ఆమె గొంతు పగిలినట్టే పగలగొట్టి పాడాడు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. తల్లి తెర పక్కనే నిలబడి ఉన్నది. ఆమె తిరిగి పాడలేదు. ఇదంతా చాప్లిన్ పెద్దయినంక తన జీవిత కథలో రాసుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు చల్లబడింది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు నేను కూడా మా యాడి తెలుగు మాట్లాడే తీరు చేసి చూపించి డార్మెటరీలో అందరినీ నవ్వించిన. ఆమె ఆడవాళ్ళను కూడా వచ్చిండు, పోయిండు అంటది. అది చేసి చూపించిన. బాగా నవ్విండ్రు, నాకు గొప్ప అనిపించింది. ఆ రోజు నుండి నేను క్లాసులో నవ్వించే పిల్లను అయిన. చార్లీది ఐదేండ్ల వయసు, వానికి తెలియదు. నాకు పన్నెండేండ్లు.

1896లో తల్లికి పూట గడవక ఇద్దరు పిల్లలతో వర్క్‌హౌస్‌లో చేరింది. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలను పెట్టే సర్కారు ఇల్లు. లోపలికి పోతే మొగవాళ్ళు ఒక దిక్కు, ఆడవాళ్ళు ఒక దిక్కు, పిల్లలు ఒక దిక్కు. కొన్ని రోజులకు అన్నదమ్ములను హాన్‌వెల్ అనే చోట పేద పిల్లల హాస్టల్ బడికి పంపారు. చార్లీకి అప్పుడు ఏడేండ్లు. అన్న ఓడల పని నేర్చే బడికి పోయాడు, వీడు ఒక్కడే మిగిలాడు. అక్కడ తప్పు చేస్తే అందరి ముందర కొట్టేవారు. తలలో తామర లేచిందని చార్లీకి గుండు చేసి, అయోడిన్ పూసి, వేరే గదిలో పెట్టారు. కింద ఆడుకునే పిల్లలను కిటికీలో నుండి చూడటానికి కూడా సిగ్గుపడ్డాడు. దాదాపు ఏడాదిన్నర అట్ల ఉన్నాడు. మన హాస్టల్‌కు దానికి పోలిక లేదు, మనం చదువుకోవడానికి వచ్చినం. కాని మొదటి వారం రాత్రి పడుకునేటప్పుడు ఎట్ల ఉంటదో మనందరికీ తెలుసు.

1898లో మళ్ళీ వర్క్‌హౌస్‌కే వచ్చారు. ఒకరోజు తల్లి, మేము వెళ్ళిపోతం అని చెప్పి పిల్లలను తీసుకొని బయటకు వచ్చింది. పార్కులో కూర్చొని ఉన్న కొన్ని పైసలతో నల్ల చెర్రీ పండ్లు కొన్నది. న్యూస్‌పేపరును బంతి లెక్క చుట్టి ముగ్గురూ ఆడుకున్నారు. సాయంత్రం తిరిగి వర్క్‌హౌస్‌కు పోయి మళ్ళీ చేరుతమన్నరు. కాగితాలన్నీ మళ్ళీ రాయాల్సి వచ్చిందని అక్కడి వాళ్ళు కోపం చేశారు. ఆమె కావాలనే ఒక్కరోజు కోసం అట్ల చేసింది. మొత్తం పుస్తకంలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మా యాడి బాపు దసరా పోయినంక చెరుకు కొట్టడానికి పోతే ఎండాకాలం దాకా రారు. పోయే ముందు రోజు మా యాడి నన్ను ఖేడ్ బజారుకు తీసుకపోయి బజ్జీలు కొనిస్తది.

ఆ తల్లికి మతి చెదిరింది. దవాఖానాలో పెట్టారు, కొంచెం నయమై వచ్చింది, మళ్ళీ చెదిరింది. తండ్రి 1901లో తాగుడు వల్లనే 38 ఏండ్లకు చనిపోయాడు. 1903లో తల్లిని చెయ్యి పట్టి నడిపించుకుంట దవాఖానాకు తీసుకపోయింది చార్లీయే. అప్పుడు ఆయన వయసు పద్నాలుగేండ్లు. నా వయసే. అన్న ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. అన్న వచ్చేదాకా ఇంటి ఓనరుకు కనపడకుండ వీధుల్లో తిరిగాడు.

చదువు సరిగ లేదు. అంతకు ముందు కొన్నాళ్ళు చెక్క బూట్ల డాన్సు చేసే పిల్లల జట్టులో పని చేశాడు. ఆ 1903లోనే నాటకంలో చిన్న వేషం దొరికింది. మాటలు రాసిన కాగితం చేతికిచ్చారు. అక్కడే చదవమంటారేమో అని భయపడ్డాడు, ఎందుకంటే చదవడం సరిగ రాదు. ఇంటికి తీసుకపొమ్మన్నారు, బతికాడు! అన్న చదివి వినిపిస్తే మూడు రోజుల్లో అన్నీ నోటికి నేర్చుకున్నాడు. ఐదో తరగతిలో తెలుగు పాఠం నేను కూడా అట్లనే నోటికి నేర్చుకొని చదివినట్టు అప్పజెప్పేదాన్ని. వేలు మాత్రం వేరే లైను మీద ఉండేది.

తరువాత ఫ్రెడ్ కార్నో అనే ఆయన హాస్య నాటకాల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీతో అమెరికా పోయాడు. అక్కడ సినిమా వాళ్ళు చూసి వారానికి 150 డాలర్ల జీతానికి తీసుకున్నారు. 1914లో మొదటి సినిమా. ఆ నెలలోనే ఆయన తన వేషం తయారు చేసుకున్నాడు. వదులు ప్యాంటు, బిగుతు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు, చేతికర్ర, బుల్లి మీసం. అన్నీ ఒకదానికొకటి కుదరనివే. ఇల్లు లేని దేశదిమ్మరి, కాని షోకు మాత్రం దొరబాబుది. ఒక్క ఏడాదిలో ముప్పై అయిదు దాకా సినిమాల్లో చేశాడు, దాదాపు అన్నీ చిన్నవి. 1916కు వచ్చేసరికి జీతం వారానికి 10,000 డాలర్లు. అప్పటికి ఆయన వయసు 26 మాత్రమే.

ఇట్ల కిందపడి మీదపడి నవ్వించే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. పాత నాటకాల్లో రెండు బద్దలు కలిపి కట్టిన కర్ర ఒకటి ఉండేది. దానితో కొడితే చప్పుడు పెద్దగ వస్తది, దెబ్బ తగలదు. ఆ కర్ర పేరే హాస్యానికి వచ్చింది. పడటమే కదా, దానిలో ఏముంది అని మీరు అనవచ్చు. నేను మంచం మీద నుండి చార్లీ లెక్క పడి చూసిన. మోచెయ్యి దోక్కపోయింది, ఎవరూ నవ్వలేదు. సర్కస్ సినిమాలో సింహం బోను సీను ఆయన దాదాపు 200 సార్లు తీశాడట. ది గోల్డ్ రష్ అనే 1925 సినిమాలో ఆకలికి తాళలేక బూటు ఉడకబెట్టి తింటడు. ఆ బూటు తీపి మిఠాయితో చేసింది. అది తీయడానికి మూడు రోజులు పట్టింది. బూటు మేకులను చేప ముల్లులు చీకినట్టు చీకుతడు. ఆకలి తెలిసినోళ్ళకే అట్ల తినడం వస్తదని నాకు అనిపించింది.

ఇంకొకటి గమనించిన. ఆయన సినిమాలో ఎక్కువగ తన్ను తినేది ఎవరు? పోలీసు, మేస్త్రీ, పొట్ట పెద్దగ ఉన్న షావుకారి. చార్లీ కూడా పడతడు, కాని లేచి బట్టలు దులుపుకొని టోపీ ఎత్తి దండం పెట్టి పోతడు. గుడ్డి మనిషి పడితే నవ్వు రాదు. పెత్తనం చేసేటోడు పడితే వస్తది. మొన్న ప్రేయర్‌లో మమ్మల్ని లైనులో నిలబెట్టే లీడరక్క జారి పడింది. ఎవరు నవ్విండ్రో నేను రాయను.

ఆ రోజుల్లో మన దిక్కు కూడా మూగ సినిమాలే ఆడేవి. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. కాకినాడలో పుట్టిన కస్తూరి శివరావు గారు (1913-1966) మొదట చేసిన పని అదే, మూగ బొమ్మలకు మాటలు చెప్పడం. 1930ల మొదట్లో తెలుగు సినిమాకు మాటలు వచ్చినంక ఆయన పెద్ద హాస్యనటుడు అయ్యారు. 1949లో గుణసుందరి కథ సినిమాలో హీరో వేషం ఆయనదే. కథ, పాట అయితే తెర పక్కన చెప్పేటోళ్ళు కావాలె. చార్లీ పడ్డది చెప్పడానికి ఎవరు కావాలె?

మాటలు వచ్చినంక అందరూ మాట్లాడే సినిమాలు తీశారు. చాప్లిన్ మాత్రం ఒప్పుకోలేదు. తన దేశదిమ్మరి ఇంగ్లీషు మాట్లాడితే ఇంగ్లీషోళ్ళకే అర్థమైతడు, లోకానికి దూరమైతడని ఆయన భయం. 1931లో మాటలు లేకుండనే సిటీ లైట్స్ తీశాడు. అందులో పూలు అమ్మే గుడ్డి పిల్ల ఈ దిమ్మరిని డబ్బున్నోడు అనుకోవాలి. ఎట్ల అనుకుంటది? ఎన్నో రోజులు ఆయనకు తోచలేదు. చివరికి కారు తలుపు మూసిన చప్పుడు పెట్టాడు. ఆ చప్పుడు విని ఆమె డబ్బున్నోడు దిగిండు అనుకుంటది. మూగ సినిమా, చప్పుడు మనకు వినపడదు, అయినా మనకు తెలుస్తది! ఈ ఒక్క సీను మూడు వందల సార్లకు పైన తీశాడని అంటారు.

ఆ ఏడాదే సెప్టెంబరులో లండన్‌లో గాంధీజీని కలిశాడు. పేదలు ఉండే తూర్పు దిక్కున ఒక చిన్న ఇంట్లో. మిషన్లు ఎందుకు వద్దంటారని ఈయన అడిగాడు, మన నేత పని ఎట్ల పోయిందో ఆయన చెప్పారు. 1936లో మోడరన్ టైమ్స్ వచ్చింది. గాంధీజీ చెప్పినందుకే తీశాడని నేను అనను. అందులో ఫ్యాక్టరీ పట్టా మీద బోల్టులు బిగించి బిగించి చార్లీకి పిచ్చి లేస్తది, మిషను ఆయనను లోపలికి గుంజుకుంటది. మా బాపుతో పోయినప్పుడు చెరుకు ఫ్యాక్టరీలో పట్టా మీద చెరుకు లోపలికి పోవడం నేను చూసిన. అచ్చం అట్లనే పోయిండు.

అదే సినిమా చివర్లో మొదటిసారి చార్లీ గొంతు వినపడతది. హోటల్లో పాట పాడాలి. మాటలు గుర్తుండవని చొక్కా కఫ్ మీద రాసుకుంటడు. చెయ్యి విసరగానే కఫ్ ఎగిరిపోతది. ఇక ఏం చేస్తడు? నోటికి వచ్చిన శబ్దాలు కలిపి పాడతడు. అది ఏ భాషా కాదు. ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి కాదు. కాని చేతులతో కథ అంతా అర్థమైతది. అక్షరాలు పోగొట్టుకున్నోడు అట్ల పాడి గెలిచిండు.

ఆయనలో నాకు నచ్చనిది కూడా రాస్తాను, మేడం రాయొచ్చన్నారు. ఆయన నాలుగు పెండ్లిళ్ళు చేసుకున్నాడు. మొదటి ఇద్దరు భార్యలకు పెండ్లినాటికి పదహారేండ్లే. ఆయనకు 29 ఒకసారి, 35 ఒకసారి. రెండూ విడాకులు అయినయి. మనతో ఏడో తరగతి దాకా చదివి, సెలవుల్లో పోయి తిరిగిరాని పిల్ల మీకు గుర్తుండే ఉంటది. ఆమె మంచం ఖాళీగ ఉన్న నెల రోజులు నాకు గుర్తున్నయి. ఎంత నవ్వించినా ఈ సంగతికి నాకు నవ్వు రాదు.

1940లో హిట్లర్‌ను వెక్కిరిస్తూ ది గ్రేట్ డిక్టేటర్ తీశాడు. ఇద్దరూ పుట్టింది ఒకే ఏడాది, ఒకే నెల, నాలుగు రోజులే తేడా. ఇద్దరికీ అదే బుల్లి మీసం. అది ఆయన పూర్తిగా మాట్లాడిన మొదటి సినిమా. తరువాత అమెరికాలో ఆయన కమ్యూనిస్టు అని అనుమానించారు. 1952లో ఓడ ఎక్కి లండన్ పోతుంటే, తిరిగి రావడానికి వీల్లేదని ప్రభుత్వం చెప్పింది. స్విట్జర్లాండ్‌లో ఇల్లు తీసుకున్నాడు. 20 ఏండ్ల తరువాత 1972లో పిలిచి ఆస్కార్ ఇచ్చి, చాలాసేపు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1977 డిసెంబరు 25న క్రిస్మస్ రోజు నిద్రలోనే చనిపోయాడు. కథ అక్కడితో అయిపోలేదు. 1978 మార్చిలో దొంగలు సమాధి తవ్వి పెట్టెను ఎత్తుకపోయి డబ్బులు అడిగారు. రెండు నెలలకు పోలీసులు ఒక పొలంలో దొరకబట్టారు. చనిపోయినంక కూడా పోలీసులను ఉరికించిండు!

పోయిన రెండో ఆదివారం యాడి వచ్చినప్పుడు ఇదంతా మన భాషలో చెప్పిన. చెర్రీ పండ్లు అంటే తెలియదంటే రేగు పండ్లు అనుకో అన్న. ఆమె అంతా విని, చివరికి తల్లి బాగుపడ్డదా అని అడిగింది. పూర్తిగా బాగు కాలేదు. కాని కొడుకు డబ్బు సంపాదించినంక 1921లో ఆమెను అమెరికా తెచ్చుకొని, సముద్రం దగ్గర ఇల్లు తీసి, చూసుకోవడానికి నర్సులను పెట్టాడు. ఆమె 1928లో చనిపోయింది. మనం చూసిన సర్కస్ సినిమా వచ్చిన ఏడాదే. చార్లీ చిన్నప్పుడు ఆమె కిటికీ దగ్గర కూర్చొని రోడ్డు మీద పోయే మనుషుల నడక చేసి చూపించేదట. ఆయన మాట లేకుండ నటించడం నేర్చుకున్నది ఆమె దగ్గరనే.

ఏడో తరగతిలో నేను చేసిన పని కూడా అప్పుడే చెప్పిన. యాడి ఏం అనలేదు. రొట్టెల డబ్బా మూత పెట్టింది. లేచి గేటు దాకా పోయి, రెండు కాళ్ళు బయటకు తిప్పి, చేతిలో ఉన్న గొడుగును కర్ర లెక్క తిప్పుకుంట చార్లీ లెక్క నాలుగడుగులు నడిచి చూపించింది. వాచ్‌మన్ తాత కూడా నవ్విండు. పోతూ పోతూ, మంచిగ చదువుకో బిడ్డా అని తెలుగులోనే అన్నది.

వచ్చే రెండో ఆదివారం 1921లో వచ్చిన ది కిడ్ వేస్తమని మేడం చెప్పారు. అందులో ఒక చిన్న పిల్లగాడు రాళ్ళు విసిరి కిటికీ అద్దాలు పగలగొడతడు, వెనుకనే చార్లీ అద్దాలు బిగించేటోని లెక్క వస్తడు. కరెంటు ఉండాలె. అమ్మానాన్నలు వచ్చేటోళ్ళు మధ్యాహ్నం దాకా ఉండమని చెప్పండి. స్పీకర్ ఇంకా బాగు కాలేదు, దానితో పని లేదు.

– 9వ తరగతి విద్యార్థిని